ఊరికే తిరిగిన రెండు స్క్రూలు

విమానాల పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. మీ చేతిని అన్నిటికన్నా ఎక్కువ కష్టపెట్టిన పని ఏదని అడుగుతారు. ఇంజన్ సంగతో, రెక్క సంగతో చెబుతానని వాళ్ల ఆశ. నేను రెండు స్క్రూల సంగతి మొదలుపెడతాను. పెద్దాయనకు మతి తప్పిందనుకుంటారేమో, నాకేం బాధలేదు.

అది సర్వీసులో జరిగింది కూడా కాదు. హైదరాబాదులో ముప్పై అయిదేళ్లు విమానాల రేకుపని చేసి, రిటైరై సిద్దిపేటకు వచ్చేసి, ఇక నా చేతికి గ్రీజు అంటదని అనుకున్నాక జరిగింది. నాకు ముక్కు మీద కోపం. వర్క్‌షాపులో నా వెనక నాకు పెట్టుకున్న పేరు ఇక్కడ రాయను గానీ, అందులో మిరపకాయ ఉండేది. పనిలో ఎవరి చేతిపని కాస్త తేడాగా కనిపించినా మొహం మీదే అనేసేవాణ్ణి. అట్లా అనడం నిజాయితీ అని నా నమ్మకం.

నేను ఊరికి వచ్చిన నెలలోపే ఒకాయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరైన లెక్చరర్. నాకన్నా ఏడెనిమిదేళ్లు పెద్ద. కూర్చోమంటే కూర్చోలేదు.

“నువ్వు విమానాల పని చేసినవట కదా. నేనొకటి కడుతున్న. వచ్చి జర చూస్తవా?” అన్నాడు.

ప్రహరీ గోడ కడుతున్నానన్నంత మామూలుగా అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. చెప్పులేసుకుని వెంట వెళ్లాను.

చంద్లాపూర్ పోయే రోడ్డు పక్కన ఆయన మామగారి పాత మగ్గాల షెడ్డు ఉంది. మగ్గాలు ఆగిపోయి చాలా కాలమైంది. వాటి జాగాలో బల్లల మీద, ఇద్దరు కూర్చునే చిన్న విమానం ఒకటి రేకు రేకుగా రూపు కడుతోంది. ఇంట్లో విమానం కట్టుకోవడమేమిటని మీరు అడగొచ్చు. కట్టుకునేవాళ్లున్నారు. డబ్బాల్లో ముక్కలు వస్తాయి, బొమ్మలు గీసిన పుస్తకం వస్తుంది, ఓపిక మాత్రం మనదే. దానికి అనుమతులుంటాయి, తనిఖీలుంటాయి, నడపడానికి లైసెన్సున్న మనిషి వేరే ఉంటాడు. సారు పక్క సీట్లో కూర్చుంటే చాలనుకున్నాడు. తన చేత్తో కట్టినది ఒకసారి నేల విడిచి లేస్తే, అందులో తానుండాలి. అంతే ఆయన కోరిక.

ఆయన భార్య నేతపని ఇంట్లో పుట్టిన మనిషి. నేను ఆమెను అక్కా అన్నాను, ఆమె నన్ను తమ్మీ అంది. రేకును రేకుకు కలిపే రివెట్టు కొట్టాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు బయట నుంచి గన్నుతో కొడుతుంటే, ఇంకొకరు లోపల నుంచి ఇనుప దిమ్మె ఆనించి కదలకుండా పట్టుకోవాలి. ఆ దిమ్మె పదేళ్లు పట్టుకున్నది అక్కే. ఆ చప్పుడుకు చెవుల్లో దూది పెట్టుకుని, కొంగు నడుముకు బిగించి, రేకు వెనక నుంచి “ఊ, కొట్టున్రి” అనేది. నేను వారానికి రెండు మూడు రోజులు పోయి తప్పులు పట్టేవాణ్ణి. తప్పులు పట్టడమే నా వంతు సాయం.

రెండేళ్ల కిందట ఆ పని చివరికి వచ్చింది. శనివారం తనిఖీకి వస్తామని కబురు వచ్చింది. సీటు కింద, విమానం పొట్ట మీద ఒక మూత ఉంటుంది. దాన్ని తీస్తే లోపల తోక దాకా పోయే తీగలు కనిపిస్తాయి. వాటిని చూడకుండా ఏ తనిఖీ మనిషీ సంతకం పెట్టడు. ఆ మూత బిగించి తొమ్మిదేళ్లయింది. మళ్లీ ఎన్నడూ విప్పలేదు.

సోమవారం పొద్దున స్క్రూడ్రైవర్ తీసుకుని విమానం కింద చాప పరుచుకుని వెల్లకిలా పడుకున్నాను. అన్ని స్క్రూలూ కొంచెం కొంచెం మొండికేసి వచ్చాయి. వెనక అంచున పక్కపక్కనున్న రెండు మాత్రం రాలేదు. రాకపోవడమంటే కదలకపోవడం కాదు. మొదట బిగుసుకున్నా, బలమంతా పెట్టి తిప్పాక హాయిగా తిరుగుతున్నాయి. ఎటు తిప్పితే అటు తిరుగుతున్నాయి. ఇంచు కూడా బయటికి రావు, లోపలికి పోవు.

ఇది మీకు అర్థం కావాలి. మూత వెనక చెయ్యి పెట్టి నట్టు పట్టుకునే వీలుండదు కాబట్టి, నట్టును ముందే రెండు చిన్న రివెట్లతో లోపలి రేకుకు బిగించేస్తారు. నట్టుకు అటొక చెవి, ఇటొక చెవి ఉంటాయి, వాటికే రివెట్లు. ఆ రివెట్లు తెగిపోతే నట్టు కూడా స్క్రూతో పాటే తిరుగుతుంది. ఇక మీరు సాయంత్రం దాకా తిప్పినా అది అక్కడే ఉంటుంది.

మధ్యాహ్నం దాకా తిప్పాను. తుప్పు వదిలే నూనె పోశాను. మెడ పట్టేసింది. మంగళవారం మళ్లీ వచ్చాను. స్క్రూ తల కిందికి పలచటి ఇనుప బద్ద దూర్చి, నా వైపు గుంజి పట్టి, అప్పుడు మెల్లగా తిప్పడం ఒక పద్ధతి. అట్లా గుంజి పడితే నట్టు రేకుకు అదుముకుని ఒక్కోసారి ఆగుతుంది. మా పాత ఫోర్‌మన్ నేర్పిన పని అది. ఆయన ఒక్క మాట గట్టిగా అనకుండా వందమంది చేత పని చేయించిన మనిషి. పనితనం ఆయన దగ్గర నేర్చుకున్నాను గానీ ఆ నోరు నేర్చుకోలేదు. రెండు గంటల తర్వాత మొదటి స్క్రూ కిరకిరమంటూ బయటికి వచ్చింది. నట్టు మాత్రం లోపలే ఎక్కడో రాలిపడింది. రెండోదాని దగ్గర బద్ద జారి, రేకు మీద వేలెడంత గీత పడింది.

సారు నా పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని టార్చి పట్టుకున్నాడు. అప్పటికే ఆయన కళ్లు మసకబారుతున్నాయి. టార్చి వెలుతురు స్క్రూ మీద కాకుండా పక్కన పడుతోంది. నా కోపం ఆ గీత మీద మొదలై టార్చి మీదుగా ఆయన మీదికి పోయింది.

“ఇంక పని ఎక్కడ అయితది సార్? గీ రివెట్లు మీరు సరిగ కొట్టలే. కొట్టుంటే ఊడవు,” అన్నాను.

ఆయన టార్చి ఆర్పేసి చాప మీద పెట్టాడు. “అవునా?” అన్నాడు. నేను విమానం కింద నుంచే, “అవు మరి, గింతకన్న ఏముంటది,” అన్నాను. ఆయన లేచి ఇంటికి వెళ్లిపోయాడు. మీలో ఎవరికైనా నా జబ్బు ఉంటే ఈ ముక్క రెండుసార్లు చదవండి.

బుధవారం సారు షెడ్డుకు రాలేదు. అక్క ఒక్కతే చాయ్ ఫ్లాస్కుతో వచ్చింది. ఎప్పుడూ గ్లాసు నా చేతికే ఇచ్చేది, ఆ రోజు బల్ల మీద పెట్టింది.

“సార్ ఏడి?” అన్నాను.

“ఇంట్లనే ఉన్నడు. రాత్రి ప్రిన్సిపాల్ సారుకు ఫోన్ చేసిండు. ఇమానాన్ని కాలేజీకి ఇస్తడట. గేటు కాడ దిమ్మె కట్టి నిలవెడతరట, పిల్లలు చూస్తందుకు.”

“ఎగిరించడా?”

“రెండు రివెట్లు తప్పు కొట్టినోని చేతిల మిగిలిన వేల రివెట్లు ఎట్లున్నయో ఎవనికి ఎరుక అంటుండు. గసొంటి దాంట్ల ఒక పిలగాన్ని కూసోవెట్టి నడుపుమని ఎట్ల అంట అంటుండు.”

ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది. తర్వాత అన్న మాట నాకు ఈనాటికీ చెవిలోనే ఉంది.

“కండ్లు పోతున్నయని ఆయనకు తెలుసు తమ్మీ. దానికి ఏడ్వలే. కండ్లు పోతే చేతులున్నయ్ అనుకున్నడు. నువ్వు నిన్న ఒక్క మాటతోటి చేతులు కూడ తీసేస్తివి.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పోయి కాళ్లు పట్టుకుందామనిపించింది. కానీ పోయి ఏం చెప్పను? ఆయన చెయ్యి మంచిదని నాకు మాత్రం ఏం తెలుసు? మూత తెరిచి చూస్తే గాని తెలియదు. మూత తెరవాలంటే ఆ రెండో స్క్రూ రావాలి. స్క్రూ తలను డ్రిల్లుతో తొలిచేస్తే మూత వచ్చేస్తుంది, కానీ డ్రిల్లు పెడితే స్క్రూ కూడా దానితో పాటే తిరుగుతుంది. లోపల నట్టును ఎవరైనా పట్టుకోవాలి. పక్కనే తీగ పోయే రంధ్రం ఒకటుంది, బొటనవేలు పట్టేంత. అందులోంచి పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం పెట్టి చూస్తే నట్టు చెవి కనిపిస్తోంది. చూడటమే, అందుకోవడం నా వల్ల కాదు.

అక్క నా పక్కన వంగి, “నన్ను చూడనియ్యి,” అంది. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి చాప మీద పడుకుని అద్దంలోకి చూసింది.

“గా చెవు సందుల నుంచి పోగు ఏసి గుంజి పడితే ఆగదా?”

“పోగా? అక్కా, గిది చీర కాదు.”

“చీర కాదని నాకు ఎరుకనే,” అంది ఆమె. లేచి షెడ్డు మూలనున్న రేకు పెట్టె తెరిచింది. మగ్గం మీద పడుగు పోగులను ఒక్కొక్కటిగా సన్నటి సందుల్లోంచి లాగడానికి వాడే పొడుగాటి కొక్కెం ఒకటి తీసింది, మగ్గం కట్టుకు వాడిన నైలాన్ దారపు ఉండ ఒకటి తీసింది. నేను అడ్డం చెప్పలేదు. అప్పటికి అడ్డం చెప్పే మొహం నాకు మిగల్లేదు.

మొదటిసారి దారం పట్టింది గానీ డ్రిల్లు పెట్టగానే తెగింది. రెండోసారి రెండు పేటలు వేసింది, అదీ తెగింది. మూడోసారి తొడ మీద పెట్టి ఏడు పేటలు కలిపి పేనింది. అద్దం నేను పట్టుకున్నాను. ఆమె కళ్లు మూసుకునే కొక్కెం ఆడించింది. చిన్నప్పుడు చేసిన పని, చూపు అక్కర్లేదట. ఉచ్చు పోయి చెవికి తగులుకుంది. దారం కొసను ఒక పుల్లకు చుట్టి, రెండు చేతులతో గుంజి పట్టి, ఎప్పటిలాగే, “ఊ, కొట్టు,” అంది.

నేను డ్రిల్లు పెట్టాను. స్క్రూ ఒక్క వణుకు వణికి ఆగింది. ఆగే ఉంది. ఇనుప రజను నా కళ్లద్దాల మీద రాలుతుంటే ఊపిరి బిగబట్టి తొలిచాను. తల ఊడి డ్రిల్లు కొసకు ఉంగరంలా వచ్చింది. మూత నా ఛాతీ మీద పడింది.

టార్చి వేసి ముందు ఆ రెండు చోట్లే చూశాను. సారు కొట్టిన రివెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. రేకులోంచి ఊడలేదు, వదులు కాలేదు. వాటి నడుములు తెగాయి, అంతే. వాటిని తెంపింది ఎవరో కాదు, సోమవారం నేను బలమంతా పెట్టి తిప్పిన తిప్పుడు. స్క్రూ నట్టుకు తుప్పుతో అతుక్కుపోయి ఉంది. అతుక్కున్నదాన్ని బలవంతంగా తిప్పితే ఎంత మంచి రివెట్టయినా తెగుతుంది. మా వర్క్‌షాపులో మొదటి నెల కుర్రాడికి కూడా తెలిసిన సంగతి ఇది. మరి మిగతావన్నీ బాగుండి ఈ మూలనే ఇంత తుప్పు ఎందుకు పట్టింది? వేలితో గీకి చూశాను. తెల్లటి పొడి, దాని కింద ఎర్రటి మరక.

అక్క కూడా చూసింది. “గిది కుంకుమ కదా తమ్మీ?” అంది.

తొమ్మిదేళ్ల కిందటి దసరా కళ్ల ముందుకొచ్చింది. అప్పుడు పొట్టకు రేకులు వేయడం కోసం విమానాన్ని బల్లల మీద బోర్లించి పెట్టాం. పొట్ట పైకి ఉంది. ఆయుధపూజ రోజు అక్క పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తెచ్చి, బల్ల మీద పనిముట్లకు బొట్లు పెట్టి, విమానం దగ్గరికి వచ్చి ఆగింది. కొబ్బరికాయ నేను తీసుకున్నాను. నేలకు కొట్టి, ఆ నీళ్లు చిప్పతో తెచ్చి విమానం పొట్ట మీద చల్లాను. చల్లడం కూడా కాదు, భక్తి ఎక్కువై వెనక అంచు మీద పోసేశాను. మీద కుంకుమ అద్దాను. కొబ్బరినీళ్లలో ఉప్పుంటుంది. అది అల్యూమినియానికీ ఇనుముకూ మధ్య చేరితే మెల్లగా తినేస్తుంది. మా ఫోర్‌మన్ దసరా నాడు పూజ పనిముట్ల బీరువా దగ్గరే చేయించేవాడు, విమానం చుట్టుపక్కలకు కొబ్బరికాయ రానిచ్చేవాడు కాదు. అది తెలిసిన ఒక్కడు ఆ రోజు ఆ షెడ్డులో ఉన్నాడు. పోసింది వాడే.

అక్క మొహం వాడిపోయింది. “నా పూజతోటేనా తమ్మీ ఇదంత? నా చేతులతోటి నేనే చేసుకున్ననా?”

“నీ పూజ కాదక్కా. నీళ్లు పోసింది నేను. ‘నీళ్లు పడితే ఏం కాదా’ అని నువ్వు అడిగినవ్ గూడ. ‘ఏం కాదు, నేనున్న కదా’ అన్న.”

ఆమెకు గుర్తుందో లేదో నాకు తెలియదు. నా వైపు చూసి కొంగుతో నా కళ్లద్దాల మీది రజను తుడిచింది.

“పోనీ తియ్. వానకు తడిసి తుప్పువట్టిందని చెప్దాం. నీ పేరెందుకు?”

నిజం చెబుతున్నాను, ఒక్క నిమిషం ఆ మాట నాకు తియ్యగా అనిపించింది. ముప్పై అయిదేళ్ల సర్వీసు, ఊళ్లో ఉన్న పేరు, ఇంతకాలం ఆ షెడ్డులో తప్పులు పట్టిన నోరు, అన్నీ కాపాడుకోవచ్చు. కానీ వాన అంటే షెడ్డంతా వానే. వాన ఇక్కడ తడిపితే ఇంకెక్కడెక్కడ తడిపిందోనని ఆయన మళ్లీ అన్నీ అనుమానిస్తాడు. కొబ్బరినీళ్లయితే అవి పడ్డది ఆ ఒక్క మూలనే. కారణం ఖచ్చితంగా తెలిస్తేనే మిగతా విమానం మీద నమ్మకం నిలబడుతుంది. మా పనిలో అబద్ధానికి జాగా లేదనేది నీతి కోసం చెప్పే మాట కాదు, లెక్క అట్లా ఉంటుంది కాబట్టి చెబుతారు.

నేనే ఇంటికి పోయి సారును పిలుచుకొచ్చాను. దారిలో ఏమీ చెప్పలేదు, చెబితే షెడ్డు దాకా రాకుండా ఆగిపోతాడేమోనని భయం. విమానం పక్కన నిలబెట్టి మొత్తం చెప్పాను. రివెట్లు తెంపింది నేను, తుప్పు పట్టించింది నేను, మిమ్మల్ని అనరాని మాట అన్నదీ నేనే అన్నాను. ఇంకో మాట కూడా చెప్పాను. వెనక అంచున ఉన్న నట్లన్నీ మార్చాలి, రేకును తుప్పు లోతుగా తినేసిందేమో గీకి చూడాలి, శనివారం తనిఖీ వాయిదా వేయమని అడగాలి. క్షమించమని అడగడానికి నాకు సరిగ్గా నోరు రాలేదు. అలవాటు లేదు.

ఆయన చాలాసేపు నా మొహం వైపే చూశాడు. ఆయనకు నా మొహం ఎంత కనిపించిందో నాకు తెలియదు.

“మూత తీసే ఉన్నదా?” అని అడిగాడు.

“ఉన్నది సార్.”

చొక్కా చేతులు మడిచి, మా ఇద్దరి భుజాలు పట్టుకుని చాప మీద మెల్లగా పడుకున్నాడు. టార్చి ఇస్తే వద్దన్నాడు. కుడిచెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టాడు. తెగిన రివెట్ల చోటు తడిమాడు, దాన్ని దాటి ముందుకు పోయాడు. లోపలి వరుసల మీద ఆయన వేళ్లు ఒక్కొక్క రివెట్టు దగ్గర ఆగి, చుట్టూ తిరిగి, తర్వాతదాని దగ్గరికి పోవడం చేతి కదలికలోనే తెలుస్తోంది. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. అక్క ఆయన తల దగ్గర కూర్చుంది. నేను ఒక వరుస అయిపోతుందనుకున్నాను, ఆయన నాలుగు వరుసలు తడిమాడు. పొద్దుటి నుంచి చాయ్ తాగలేదని కూడా మాకు గుర్తు రాలేదు.

“గీ వరుస యాదికున్నదా?” అన్నాడు అక్కతో. “గీ మూలకు నీ చెయ్యి అందకపోతే పీట ఎక్కి పట్టినవ్.”

“యాదికున్నది. చెయ్యి రెండు రోజులు నొచ్చింది.”

“మంచిగ పట్టినవే. ఒక్కటి కూడ వంకర లేదు.”

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పక్కకు తిరిగి డ్రిల్లు వైరు చుట్టడం మొదలుపెట్టాను, చుట్టాల్సిన పని లేకపోయినా.

ఆయన చెయ్యి బయటికి తీశాడు. వేళ్లకు నల్లగా నూనె అంటింది. దాన్ని తుడుచుకోకుండానే లేచి కూర్చుని, జేబులోంచి ఫోన్ తీసి అక్క చేతిలో పెట్టాడు. “నాకు నంబర్లు కనవడ్తలేవు, ప్రిన్సిపాల్ సారుకు కలుపు,” అన్నాడు. ఆమె కలిపి ఆయన చెవి దగ్గర పట్టుకుంది.

“నమస్తే సార్. రాత్రి నేను చెప్పిన మాట వాపస్ తీసుకుంటున్న, ఏమనుకోకుండ్రి. గేటు కాడ నిలవెట్టుకునేటందుకు ఇంకేదన్న చూసుకోండ్రి. మా విమానం ఖాళీగ లేదు సార్, దానికి పనున్నది.”